డేరా రత్నమ్మ చూడమన్న బొమ్మ

మొన్న సాయంత్రం హిందూపురం బస్టాండు దగ్గర వాన వెలిసింది. పూలమ్మే ఆమె తన బండిమీద కప్పిన టార్పాలిన్‌ను రెండు చేతులా పట్టుకుని దులిపింది. తడిసిన గుడ్డ, తాటి పీచు, పాత బూజు కలిసిన వాసన ఒక్కసారి ముఖానికి కొట్టింది. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా. నేను అక్కడే నిలబడి ఆ వాసన పీలుస్తున్నాను. పూలామె నన్ను చూసి, “ఏం పెద్దాయనా, పూలు కావాలా?” అని అడిగేదాకా కదలలేదు. వద్దని చెప్పలేక ఒక మూర కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఇంట్లో నా మనవరాలు ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, శని ఆదివారాలకు వచ్చి పోతుంది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోను చూస్తోంది. “తాతా, హాలోవీన్ వస్తాంది గదా. ఈ సీజన్‌లో తప్పక చూడాల్సిన కొత్త హారర్ సినిమాలంట. ఏది చూడమంటావు?” అంది. అక్టోబరు చివర వాళ్ళ ఆఫీసులో అందరూ దయ్యాల వేషాలు వేసుకుంటారని, ఇంటికొచ్చి దీపాలార్పి ఇలాంటి సినిమాలు చూస్తారని చెప్పింది. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఒక్కొక్క సినిమా కింద నిద్ర పట్టదని, ఒంటరిగా చూడవద్దని ఒక్కొక్క వాక్యం. “ఇవన్నీ ఎవరు చెప్పినారు?” అన్నాను. “ఎవరో తాతా.” “వాళ్ళకు నీ సంగతి తెలుసునా?” అమ్మాయి పకపకా నవ్వింది. “నా సంగతెందుకు తాతా, సినిమా సంగతి తెలిస్తే చాలు గదా?”

నా జీవితంలో దయ్యం సినిమా చూడమనో వద్దనో చెప్పే మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె ఎవరికీ సినిమా సంగతి మాత్రమే చెప్పేవారు కాదు. ఆమె పేరు రత్నమ్మ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో డేరా రత్నమ్మ అంటే చాలు. యాభైల చివరినుంచి అరవైల మధ్యదాకా ఆమె టూరింగ్ టాకీసుకు నేను మేనేజరును. ఇప్పటివారికి టూరింగ్ టాకీసు అంటే చెప్పాలి. ఊరి బయట మైదానంలో గుంజలు పాతి పెద్ద గుడారం వేసేవాళ్ళం. వాన పడితే దానికి బస్టాండులో నన్ను ఆపిన వాసనే వచ్చేది. ఒక చివర తెర, ఇంకో చివర రేకుల గదిలో ప్రొజెక్టరు, బయట దుగదుగలాడే ఆయిలింజను. నేల టికెట్టువాళ్ళకు ఇసుక, వెనక బెంచీలు, మధ్యలో పొడుగునా ఒక అడ్డుగుడ్డ. దానికి ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. ఒక ఊళ్ళో కొన్ని నెలలే అనుమతి. గడువు తీరగానే గుడారం చుట్టుకుని ఇంకో ఊరు చేరేవాళ్ళం. రత్నమ్మగారు చిన్నతనంలో నాటకాల కంపెనీలో రాక్షసి వేషాలు వేసేవారట. కంపెనీ చెదిరిపోయాక ఒంటిమీది బంగారం అమ్మి ఈ డేరా కొన్నారు. నాటకాల ఆడది సినిమా నడపడమేమిటని నవ్వినవాళ్ళు తరువాత టికెట్టు కొనుక్కుని వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. నల్లటి నిండైన మనిషి. మైదానం ఈ చివరినుంచి మాట్లాడితే ఆ చివర వినపడే గొంతు. నవ్వితే ఇప్పటికీ రాక్షసే అని మా ఆపరేటరు బాషా అనేవాడు, ఆమె ముందే అనేవాడు.

నేను గుడిబండ పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. ఇంటరు తప్పి, పొలం చేయడానికి ఒళ్ళు వంగక, హిందూపురంలో తిరుగుతున్నప్పుడు డేరాకు లెక్కలు చూసే మనిషి కావాలని తెలిసింది. వెళ్ళాను. రత్నమ్మగారు నా చదువు అడగలేదు, ఊరు అడగలేదు. “లోపల దయ్యం బొమ్మ ఆడతాంది, చూసి రాపో” అన్నారు. చూసి వచ్చాను. “యాడ భయమయింది?” అన్నారు. “నాకేమీ భయం కాలేదమ్మా, మా పొలం శ్మశానం పక్కనే” అన్నాను గర్వంగా. “అట్లనా. అయితే పోయి ఆ పొలమే చేసుకోప్పా. నీకు ఈడ పని ల్యా” అని వక్క నోట్లో వేసుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, దయ్యం వల్ల కాదు, అవమానం వల్ల. మరునాడు మళ్ళీ వెళ్ళాను. “అమ్మా, అబద్ధం చెప్పినా. ఆ బంగళాలో పెండ్లాం చచ్చిపోయినాయన ఒక్కడే ఉంటాడు గదా. అన్నానికి కూర్చునేటప్పుడు రెండాకులు వేసినాడు. ఆడ నాకు ఒళ్ళు జల్లుమనింది.” ఆమె నావైపు తిరిగి చూశారు. “దయ్యం ఎదురుగా వచ్చినంక ఎవురికైనా భయమైతాది. అది రాకముందే యాడ భయమయిందో చెప్పేటోడే పక్కనోనికి బొమ్మ గురించి చెప్పగలడు. పో, ఆ గొట్టం తీసుకో” అన్నారు. గొట్టం అంటే జట్కా బండిలో తిరుగుతూ వీధుల్లో కేకలు వేసే రేకు గొట్టం. అలా నా ఉద్యోగం మొదలైంది. భయపడ్డానని ఒప్పుకుంటే జీతం ఇచ్చే చోటు అదొక్కటే అనుకుంటాను.

దయ్యం బొమ్మలకు మాకు ఒక కాలం ఉండేది. పెద్దల అమావాస్య వచ్చే పక్షంలో శుభకార్యాలు ఉండవు, పెళ్ళివాళ్ళు ఊళ్ళోకి రారు, పౌరాణికాలకు జనం తక్కువ. ఆ రోజుల్లో రత్నమ్మగారు మద్రాసునుంచి దయ్యం బొమ్మల పెట్టెలు తెప్పించేవారు. ధర్మవరంలో అయితే ఇంకో కారణం కూడా ఉంది. మా పక్క మగ్గాలవాళ్ళు అమావాస్య నాడు మగ్గం ఎక్కరు, అది వాళ్ళకు సెలవు. కాబట్టి ఆ రోజు డేరాకు మరో నల్లగుడ్డ కప్పి పగటి ఆట కూడా వేసేవాళ్ళం. డేరా రత్నమ్మ అమావాస్యకు దయ్యాన్ని లేపుతుందని ఊరంతా అనుకునేది. లేచేది నేతగాళ్ళు, మగ్గం గుంటల్లోంచి. ఆ సంగతి చెప్పవద్దని నాకు గట్టిగా చెప్పి ఉంచారు. “వాళ్ళనుకునేదే బాగుండాది గదప్పా, ఉండనీ.”

మిగతా డేరాల్లో లేనిది, మా డేరాలో ఉన్నది ఒకటుంది. ఆట మొదలయ్యే ముందు రత్నమ్మగారు ఆడవాళ్ళ గేటు దగ్గర నిలబడేవారు. జనం టికెట్టు కొనకముందు ఆమెను అడిగేవారు. ఆమె ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట చెప్పేవారు. పెనుకొండలో ఒకసారి ఒక బస్సు డ్రైవరు భార్యతో వచ్చాడు. మీసాలు పెద్దవి. “ఏం రత్నమ్మా, బొమ్మ ఎట్లుండాది?” “నీకా, నీ పెండ్లానికా?” “ఇద్దరికీ.” “ఆయమ్మకు బాగుంటాది. నువ్వు ఇంటర్వెల్లుకు బీడీ తాగాలని బయటికొస్తావు, మళ్ళా లోపలికి పోవు.” అందరూ నవ్వారు, డ్రైవరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. విరామంలో బయటికి వచ్చాడు. బీడీ అయిపోయింది, ఇంకోటి అయిపోయింది. నావైపు చూసి, “లోపల ఉడుకప్పా” అన్నాడు. “అవును, ఈడ గాలి బాగుండాది, కూచో” అని రత్నమ్మగారే బెంచీ చూపించారు. ఆయన భార్య మాత్రం ఆట మొత్తం చూసి వచ్చి, కథ చెప్పుకుంటూ మొగుణ్ణి ఇంటికి నడిపించుకుని పోయింది.

అందరూ నవ్వేవాళ్ళు కాదు. నిండు చూలాలు ఒకామె గేటు దగ్గర గొడవ పెట్టుకుంది. “దుడ్లు నావి. నన్ను పోనీకుండా అడ్డం పడేదానికి నువ్వెవరు?” “దుడ్లు నీవే మ్మా. కడుపులో ఉండేదాన్ని అడిగినావా, అది చూస్తానంటాందా? వచ్చే వారం కృష్ణలీల ఆటుండాది, దాన్ని తీసుకురా, ఊరకనే పంపిస్తా.” ఆ పూట ఆ మనిషితో పాటు వచ్చిన నలుగురు వెనక్కి పోయారు. నేను లోపల్లోపల పళ్ళు కొరుక్కున్నాను. పగలంతా జట్కాలో తిరిగి, గొంతు పోయేట్లు అరిచి జనాన్ని నేను తెస్తే ఈమె వెనక్కి పంపుతోంది. ఆ కోపంతో మరునాడు గొట్టంలో, “గుండె ధైర్యం లేనివాళ్ళు రావద్దు! హిందూపురంలో ఇద్దరు మూర్ఛపోయినారు!” అని అరిచాను. ఎవరూ మూర్ఛపోలేదు. రత్నమ్మగారికి తెలిసి నన్ను పిలిపించారు. “మూర్ఛపోయినోళ్ళ పేర్లు చెప్పు, పోయి చూసొస్తా” అన్నారు. తల వంచుకున్నాను. “భయం మనం అమ్మే సరుకప్పా. అందులో కల్తీ చేస్తే ఎట్ల?” అన్నారు. నాలో ఈ గుణం చిన్నప్పటినుంచీ ఉంది, ఉన్నది చాలదన్నట్లు ఇంకొంచెం కలిపి చెప్పడం. పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను.

ఇక ధర్మవరం సంగతి. ఆ సంవత్సరం వచ్చిన బొమ్మలో దయ్యం ఎవరినీ చంపదు. పాత ఇంట్లో, బిడ్డను కన్న రోజే చనిపోయిన తల్లి, ప్రతి సాయంత్రం వచ్చి ఖాళీ ఊయల ఊపి పోతుంది. మనిషి కనిపించదు. ఊయల ఊగుతూ ఉంటుంది, గోడమీద దాని నీడ పెద్దదవుతుంది, అంతే. మేము ముందుగా వేసుకుని చూసినప్పుడు రత్నమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాటకాల కంపెనీ రోజుల్లో ఆమెకు ఒక బిడ్డ పుట్టి పోయిందని, అదే రోజు ఆమె ముఖానికి రంగు పూసుకోవలసి వచ్చిందని వంటమనిషి ఒకసారి నాతో చెప్పి ఉంది. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

అమావాస్య పగటి ఆటకు పద్మావతి అనే అమ్మాయి వీధి ఆడవాళ్ళతో కలిసి వచ్చింది. నేతవాళ్ళ కోడలు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఎండాకాలంలో ఆ అమ్మాయి చంటి కూతురు జ్వరం వచ్చి చనిపోయింది. ఆ వీధిలో అందరికీ తెలుసు, రత్నమ్మగారికీ తెలుసు. ఆ అమ్మాయి గేటు దగ్గర ఆగి, “ఊయల ఊపే దయ్యమంట గదా అత్తా. నేను చూడొచ్చా?” అని అడిగింది. రత్నమ్మగారు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ముఖంలోకి చాలాసేపు చూశారు. వద్దంటారనుకున్నాను. “చూడు. ఏడుపొస్తే ఏడువు. చీకట్లో నిన్నెవరూ చూడరు” అన్నారు.

పద్మావతి ఏడవలేదు. ఆట అయిపోయి జనమంతా లేచి పోతున్నా తెల్లటి తెరను చూస్తూ ఇసుకలో కూర్చుండిపోయింది. పక్కవాళ్ళు రెక్క పట్టుకుని లేపి నడిపించారు. ఇంటికి పోయాక మాట లేదు, తిండి లేదు. మరునాడూ అంతే. ఆ మరునాటి మధ్యాహ్నం ఆమె మొగుడు, మరి నలుగురు మగవాళ్ళు డేరా దగ్గరికి వచ్చారు. కోడలికి గాలి సోకిందని, బత్తలపల్లి పక్కనుంచి మంత్రగాణ్ణి పిలిపిస్తున్నామని, రేపు మధ్యాహ్నానికి వస్తాడని చెప్పారు. ఆ మంత్రగాడి సంగతి మాకు తెలుసు. వేపమండలతో మొదలుపెట్టి పలుపుతాడు దాకా పోతాడు. అంతకుముందు ఏడాది అతని చేతిలో పడిన ఒక ఆమె నెలల తరబడి నిలబడలేకపోయింది. పైగా ఒకసారి దయ్యం పట్టిందని పేరు పడితే ఆ పేరు జన్మకు పోదు. వాళ్ళు నామీదికి వస్తుంటే నాకు తోచిన మొదటి మాట అన్నాను. “టికెట్టు కొని చూసినోళ్ళకు ఏమైనా అయితే మేమేం చేస్తామప్పా?” ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెనకనుంచి రత్నమ్మగారు వచ్చారు. నన్ను పక్కకు జరిపారు. “ఆ యమ్మి నన్నడిగింది. చూడమని నేనే చెప్పినా. ఈయప్పకేం తెలీదు. పదండి, ఇంటికి పోదాం” అన్నారు.

నేనూ వెంట నడిచాను. గడపలోనే అత్తగారు లక్ష్మమ్మ ఎదురైంది. “రామ్మా డేరామ్మా! దయ్యాన్ని అమ్మేసి, ఇప్పుడెట్లుండాదో చూసిపోదామని వచ్చినావా?” వీధి వీధంతా వినపడింది. నాటకాల్లో రాక్షసి గొంతున్న మనిషి, ఒక్క మాట విసరగలదు. విసరలేదు. “నేనే చెప్పినా వదినా. తప్పు చేసినా” అన్నారు. లక్ష్మమ్మ గడపలోంచి పక్కకు జరిగింది. ఆ మాటకు తిట్టు సిద్ధంగా లేనట్టుంది. లోపల మగ్గంమీద సగం నేసిన చీర, దాని పక్కన నూలు చుట్టే రాట్నం. రాట్నం ముందు పద్మావతి కూర్చుని ఉంది. చేతులు ఒడిలో ఉన్నాయి. కుడికాలి బొటనవేలు మాత్రం ముందుకూ వెనక్కూ మెల్లగా కదులుతోంది. “చూడు, కాలు ఎట్లాడిస్తాందో. మాట ల్యా, పలుకు ల్యా, కాలొకటి నిలవదు. ఇది మా కోడలు కాదు” అంది లక్ష్మమ్మ. రత్నమ్మగారు ఆ కాలిని చూశారు, తలెత్తి పైన దూలాన్ని చూశారు. దూలం మీద ఒకచోట తాడు ఒరిసి నున్నగా అయి ఉంది. మగ్గాల ఇళ్ళల్లో చీర ఊయల అక్కడే కడతారు. దాని తాడు తల్లి కాలి వేలికి కట్టుకుని, బిడ్డను ఊపుతూనే రాట్నం తిప్పుతుంది.

“పాప పేరేంది?” అని అడిగారు రత్నమ్మగారు. “ఈ ఇంట్లో ఆ పేరెత్తం. ఎత్తితే తల్లి ఏడుస్తాది, తల్లి ఏడిస్తే ఆ జీవం ఈడనే తిరుగుతాది” అంది లక్ష్మమ్మ గొంతు తగ్గించి. ఊయల ఆ రోజే విప్పేశారని, ఆ మాట ఎవరూ ఎత్తకూడదని కట్టడి చేశారని అప్పుడు తెలిసింది. అయిదు నెలలుగా ఆ అమ్మాయి ఇంట్లో ఏడవలేదు. రత్నమ్మగారు నేలమీద కూర్చున్నారు. “వదినా, నాదొక మాట. ఆ మంత్రగాడొచ్చేది మధ్యాహ్నం గదా. పొద్దున్నే ఈ యమ్మిని డేరాకు తీసుకురా. నువ్వు రా, నీ కొడుకు రానీ, ఈ వీధి ఆడోళ్ళందరినీ పిలుచుకో. అదే బొమ్మ మళ్ళా వేస్తా. మొన్న ఎవరికీ కనపడకుండా చీకట్లో కూచోబెట్టినా, అది తప్పు. ఈసారి అందరూ చుట్టూ కూచోండి. ఏడిస్తే ఏడవనియ్యండి. అట్లయినా ఈ యమ్మి మాట్లాడలేదంటే, గుంజలు పీక్కొని పోతా. మళ్ళా ధర్మవరం తొక్కను.”

హిందూపురం, పెనుకొండ మా కడుపు నింపేవి. మిగిలేది ధర్మవరంలోనే. దారిలో ఆమెతో వాదించాను. ఎవరికో ఏదో అయితే ఊరే వదిలేస్తామని మాటివ్వడమేమిటన్నాను. ఆమె “ఆ ఊయల చూసి నాకు ఏడుపొచ్చింది గదప్పా. ఆ యమ్మికీ వస్తాదనుకున్నా. నాకొచ్చినట్ల ఆ యమ్మికి రావాలని యాడుండాది?” అన్నారు. మళ్ళీ, “ఇన్నేండ్లు గేటు కాడ నిలబడి అందర్నీ చదివేస్తాననుకుంటి. ఆ పొద్దు నన్నే చదువుకున్నా” అన్నారు. ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

మరునాడు పొద్దున డేరా పక్క గుడ్డలన్నీ ఎత్తి కట్టించారు. బాషా తల పట్టుకున్నాడు. “అమ్మా, ఇంత వెలుతుర్లో బొమ్మ కనపడదు.” “కొంచెం కనపడితే చాలు. ఊయల కాడికి వచ్చేతలికి మాటలు, సంగీతం తీసెయ్.” వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. అడ్డుగుడ్డ కూడా తీసేశారు. పద్మావతిని నడుమ కూర్చోబెట్టారు, ఒకవైపు అత్త, ఒకవైపు రత్నమ్మగారు. ఇంజను దుగదుగమంటోంది. ఎండలో తెరమీద బొమ్మ పాలిపోయిన నీడలాగా ఉంది. ఎవరో, “ఏమ్మే, దయ్యానికి కామెర్లు అయినట్టుండాయే!” అంది. ఇంకొకామె, “తిండి పెట్టకుంటే అట్లే అవుతాది” అంది. ఆడవాళ్ళు నవ్వారు. పద్మావతి నవ్వలేదు. ఊయల సన్నివేశం వచ్చింది. బాషా చప్పుడు తీసేశాడు. సంగీతం లేకపోయేసరికి అక్కడ భయపడటానికి ఏమీ మిగలలేదు. ఒక ఖాళీ ఊయల ఊగుతోంది. అంతే.

“ఊయల అట్ల కట్టరు” అంది పద్మావతి.

మూడురోజుల తరువాత వచ్చిన గొంతు, బొంగురుగా ఉంది. అందరూ తిరిగి చూశారు. “చీర కట్టాల. తాడు నా కాలికుండాల. అప్పుడే నిద్రపోతాది.” తరువాత లక్ష్మమ్మవైపు తిరిగింది. “అత్తా, మన ఊయల యాడ పెట్టినారు?” లక్ష్మమ్మ ముఖం చూసి ఆమె ఇప్పుడు తిడుతుందో, లేచి పోతుందో అనుకున్నాను. ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. “అటకమీద ఉండాదే. అందరికీ పారేసినానని చెప్పినా. పారేసేదానికి నాకు చేతులు రాలేదే తల్లీ.” ఆ పైన ఎవరూ ఎత్తకూడదన్న ఆ పేరును ఆమే ఎత్తింది. “నా వెంకటలక్ష్మీ” అని గుండె బాదుకుంది. అప్పుడు పద్మావతి అత్త ఒడిలో పడి ఏడ్చింది. ఆ తరువాత అక్కడ ఏడవని ఆడమనిషి లేదు. ఎవరెవరి బిడ్డల పేర్లో వినపడ్డాయి. మగవాళ్ళం దూరంగా జరిగి నిలబడ్డాం. ఎవరూ చూడని తెరమీద బొమ్మ తన పాటికి తాను నడుస్తోంది. బాషా రేకుల గదిలోంచి తల బయటపెట్టి, “ఆపమంటావా అమ్మా?” అన్నాడు. “ఆడనీప్పా” అన్నారు రత్నమ్మగారు.

మంత్రగాడు మధ్యాహ్నం వచ్చాడు. పద్మావతి మొగుడు వీధి మొదట్లోనే ఎదురుపోయి మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఆ ఒక్క పొద్దుతో అంతా సర్దుకుందని రాస్తే నేను మళ్ళీ గొట్టం పట్టుకున్నట్టే. ఆ అమ్మాయి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. కానీ ఆమె ఒంటిమీద ఎవరి దెబ్బా పడలేదు, ఆమెకు దయ్యం పేరు పడలేదు. డేరా నిండుగా ఆడుతున్న ఆ బొమ్మను రత్నమ్మగారు ఆ సాయంత్రమే దించేసి పెట్టె వెనక్కి పంపారు. నేను దానికీ వాదించాను, ఓడిపోయాను. ఆ తరువాత గేటు దగ్గర ఎవరు అడిగినా ముందు ఒక మాట చెప్పేవారు. “మొన్న నేను చెప్పింది తప్పయింది, ఇనే ఉంటారు. ఇప్పుడు చెప్పేది కూడా చూసుకుని నమ్మండి.” అలా చెబితే జనం తగ్గుతారని భయపడ్డాను. తగ్గలేదు. ఇంకా దూరపు వీధులనుంచి వచ్చి అడిగేవారు.

మరుసటి ఏడు మళ్ళీ ధర్మవరంలో డేరా వేశాం. అమావాస్య పగటి ఆటకు కొత్త దయ్యం బొమ్మ. గేటు దగ్గర వరసలో పద్మావతి కనిపించింది, లక్ష్మమ్మతో కలిసి వచ్చింది. “ఇది నేను చూడొచ్చా అత్తా?” అని మునుపటిలాగే అడిగింది. రత్నమ్మగారు ఆ ముఖంలోకి చూశారు, ఈసారి ఎక్కువసేపు కాదు. “నాకు తెలీదు మ్మా” అన్నారు. “పద, నీ పక్కన కూచుంటా. బాగలేదంటే ముగ్గురం లేచి వచ్చేద్దాం.” ఎన్నేళ్ళుగానో ఆట మొదలయ్యేదాకా కదలని ఆమె, గేటును నాకు అప్పగించి, చెప్పులు విడిచి, నేల టికెట్టు ఇసుకలోకి నడిచారు. ఆట అయిపోయేదాకా ముగ్గురూ బయటికి రాలేదు.

శాశ్వత థియేటర్లు వచ్చాక డేరా చుట్టేశాం. రత్నమ్మగారు హిందూపురంలోనే చివరిదాకా ఉన్నారు. నేను ఆ తరువాత ఎన్నో ఏళ్ళు వేరే థియేటరులో మేనేజరుగా చేశాను. నా పొరపాటును కింద పనిచేసేవాళ్ళ మీదికి తోసిన రోజులున్నాయి, ‘నేనే చెప్పినా’ అనవలసిన చోట నోరు మూసుకున్న రోజులున్నాయి. అవి నావే, ఎవరికీ పంచలేను. కానీ కొన్నిసార్లు అన్నాను. నా మాట నమ్మి చేసినవాడికి దెబ్బ తగిలినప్పుడు అతని గడపకు నడిచి పోయాను. నాకు తెలియనిది తెలియదని చెప్పి, పక్కన కూర్చున్నాను. అలా చేసిన ప్రతిసారీ నాలోని మంచి మేనేజరు రత్నమ్మగారి దగ్గర పనిచేసినవాడేనని తెలిసింది. ఆమె దగ్గర జీతం తీసుకున్నానని చెప్పుకోవడానికి ఈ వయసులో కూడా నేను నిటారుగా కూర్చుంటాను.